ఏరిన బియ్యం

పరంజ్యోతి అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, వారు ముందుగా కళ్ళద్దాలు తీసి తుడుచుకొనేవారు. చూపు మందగించి, అద్దాలవల్ల ప్రయోజనం లేకుండా పోయిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. తుడవడం ముగియగానే జవాబు వస్తుందని కొత్తవారు ఎదురుచూసేవారు. పాతవారు మాత్రం తమ చెప్పులు ఎక్కడున్నాయో చూసుకొనేవారు. ఏలయనగా జవాబు ఆ గదిలో దొరకదనీ, దానికోసం ఎక్కడికో ఒకచోటికి నడవవలసి వస్తుందనీ వారికి తెలుసు.

ఆ ఏటి ప్రాంతపు క్రైస్తవ సంఘాలన్నిటికీ పరంజ్యోతిగారు పెద్ద. ఏటికి ఈవల పట్నంలోనూ, ఆవల లంకల్లోనూ ఉన్న చిన్న చిన్న మందిరాల కాపరులు నెలకొకసారి వారి ముంగిట కూడేవారు. ఒంటరిగా ఒక ఊరిలో ఉండి, ఊరందరి బాధలు వింటూ, తన బాధ చెప్పుకొనే చోటు లేక లోలోపలే ఎండిపోయిన కాపరులను వారు ఎందరినో చూశారు. ఆ సహవాసాన్ని ఏర్పాటు చేసింది అందుకే. అందులో ఉపన్యాసాలకంటె రెండు ఆచారాలకే విలువ ఎక్కువ. మొదటిది బియ్యం. ఏ సంఘంలోనైనా ఇల్లాలు ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారంనాడు ఆ కుండను మందిరానికి తెస్తుంది. కాపరి ఇంటి పొయ్యి రాజుకొనేది చాలావరకు ఆ పిడికిళ్ళతోనే. సహవాసానికి వచ్చే ప్రతి కాపరీ ఆ పిడికిలి బియ్యంలోనుండి ఒక సంచి తేవాలి. సంచులన్నీ ఒకే గంగాళంలో పోసిన తరువాత పరంజ్యోతిగారు మోచేతులదాకా చేతులు ముంచి కలిపేవారు. ఆ కలిపే పనిని వారు మరెవరికీ అప్పగించేవారు కారు.

రెండవది మాట. అన్నం ఉడుకుతూ ఉండగా అందరూ చాపలమీద గుండ్రంగా కూర్చొని, ఒక్కొక్కరు తమ కుడిపక్కనున్న కాపరిని గురించి ఒక మంచిమాట చెప్పాలి. అది తన మనసులో పుట్టిన పొగడ్త కారాదు. ఆ కాపరి ఊరివారి నోట తాను విన్నదై ఉండాలి. సంతలో విన్నా, పడవలో విన్నా, పెళ్ళి పందిట్లో విన్నా సరే. చివరి మాట ముగిసేదాకా విస్తళ్ళు వెయ్యరు. విస్తళ్ళు వేసిన తరువాతనైనా, ఒక్కరు చెయ్యి ఆపితే మిగిలినవారంతా ఆపవలసిందే. అందరూ కలిసి తొలిముద్ద ఎత్తాలి. అది పరంజ్యోతిగారి నియమం.

వరదానం పట్నపు మందిరానికి కాపరి. గురువారం గురువారం వచ్చి పరంజ్యోతిగారికి పుస్తకం చదివి వినిపించడం, ఆ పుస్తకపు సారాన్ని సహవాసంలో తోటి కాపరులకు చెప్పడం, ఈ రెండూ అతని పనులు. ఆ రెండింటిలోనూ అతనిని మించినవాడు లేడు. కర్త ఒకచోట, క్రియ ఒకచోట తప్పిపోయే వాక్యం అతని నోట ఎన్నడూ వచ్చేది కాదు. ఒక్కొక్క మాటను కంసాలి బంగారాన్ని తూచినట్లు తూచి పలికేవాడు. పరంజ్యోతిగారు కూర్చొనే పేముకుర్చీ ఏదో ఒకనాడు తనదే కావాలని అతడు పైకి అనలేదు గాని, చదవడం ముగించి లేచినప్పుడల్లా ఆ కుర్చీ చేతిని ఒకసారి తడిమి వెళ్ళేవాడు.

అతని గుండెలో ముల్లయి కూర్చున్నవాడు ఓబద్యా. ఏటికి ఆవల తుంగచాపలు నేసేవారి పాలెంలో కాపరి. పుస్తకం చదివితే వేలు పెట్టి, పెదవులు కదిపి చదివేవాడు. వత్తులు పలికేవి కావు. పాట ఎత్తుకుంటే శ్రుతి ఎటు పోయేదో అతనికే తెలియదు. అయినా అతని మందిరంలో చోటు చాలక జనం పందిట్లో కూర్చొనేవారు. అంతవరకైనా వరదానం సహించేవాడేమో. ఆదివారం మధ్యాహ్నం తన సంఘంవారే కొందరు, భోజనం చేసి, చేతిరుమాలు తలకు చుట్టుకొని, పడవ ఎక్కి ఓబద్యా ప్రసంగానికి వెళ్ళడం కంటపడినప్పటినుండి అతనికి అన్నం సహించడం మానివేసింది.

ఒక గురువారం చదవడం ముగిసింది. వరదానం పుస్తకం మూశాడు గాని లేవలేదు.

“అయ్యగారూ, ఒక సందేహం.”

“చదివినదానిలోనా?”

“కాదండి. సేవలో. ఇద్దరు కాపరులున్నారనుకోండి. ఒకడు కళ్ళు వాచేలా చదువుతాడు, మరొకడు చదవలేడు. చదివినవాడు చెబుతుంటే జనం ఆవులిస్తారు. చదవనివాడు చెబితే ఏరు దాటి వెళ్ళి వింటారు. ఇది దేవుని చిత్తమా, జనుల అజ్ఞానమా?”

పరంజ్యోతిగారు అద్దాలు తీశారు. “ఆ చదవనివాడు ఎవరు?”

“ఎవరో ఒకరనుకోండి.”

“ఎవరో ఒకరిమీద ఇంత మంట పుట్టదు నాయనా,” అని వారు అద్దాలు తుడుచుకొని మళ్ళీ పెట్టుకొన్నారు. “ఎల్లుండి సహవాసం ఉంది కదా. బియ్యం పట్టుకొని రా.”

జవాబు అంతే. వరదానం చెప్పులు వేసుకొని ఇంటికి వెళ్ళాడు.

సహవాసం దగ్గరపడితే వరదానం ఇంట ఒక తంతు జరిగేది. పిడికిలి బియ్యమంటే నానా ఇళ్ళ బియ్యం. సన్నవి, లావువి, పాతవి, కొత్తవి, దంపుడువి, అన్నీ ఒకే కుండలో కలిసి ఉంటాయి. గంగాళంలో పోసేటప్పుడు ఓబద్యా సంచిలోనుండి ఎర్రని ముతక బియ్యం తవుడు వాసనతో బొళబొళమని పడేది. సంచి కూడా అందరికంటె పెద్దది. పెద్దతనంలో పోటీపడలేని వరదానం తెల్లదనంలో పోటీపడాలనుకొన్నాడు. పట్నపు సంచి విప్పితే మల్లెమొగ్గలు పోసినట్లుండాలి. అందుకని భార్య సలోమి చేత బియ్యం చేటలో పోయించి, లావు గింజలూ నూకలూ ఏరించి, సన్నబియ్యం మాత్రమే సంచికెక్కించేవాడు.

“దేవుడికిచ్చిన బియ్యానికి కూడా పాసూ ఫెయిలూ పెట్టారేమండీ?” అన్నది సలోమి చేట ఒడిలో పెట్టుకొని.

“సంఘం పరువు సలోమీ.”

“ఆ పరువు ఎవరు తింటారో నాకు తెలీదు గాని, ఫెయిలైన నూకలు నెలంతా తినేది నేను.”

“ఆ ఓబద్యా బియ్యం పక్కన మన బియ్యం పోసినప్పుడు...”

“గంగాళంలో పోశాక ఎవరి పక్కన ఎవరుంటారండీ? ఆ పెద్దాయన కలిపేస్తాడుగా.” ఆమె ఒక ఎర్ర గింజను ఏరి పక్కన పడేసింది. “మీకు చూపించుకోవడానికి మధ్యన ఆ కాస్త క్షణం కావాలి. అంతేగా?”

వరదానం చేటలో మరొక ఎర్ర గింజను వేలితో చూపించాడు. ఆ క్షణం కోసమే.

ఆ ఏరడంలోనే పొద్దెక్కి, శనివారం అతడు సహవాసానికి ఆలస్యంగా చేరాడు. బియ్యం అప్పటికే కలిపివేశారు. తన మల్లెమొగ్గలను ఎవరూ చూడలేదు. మరొక సంగతి అంతకంటె ఘోరం. ఇంతకాలమూ అతడు ఏదో ఒక ఉపాయంతో ఓబద్యాకు దూరంగా కూర్చొంటూ వచ్చాడు. ఆనాడు చాపమీద మిగిలి ఉన్న ఒకే ఒక చోటు ఓబద్యాకు ఎడమపక్కన. అంటే వరదానానికి కుడిపక్కన ఓబద్యా. ఓబద్యా జరిగి, “రండి రండి, మీకోసం కాళ్ళు ముడుచుకొని కూర్చున్నా,” అన్నాడు. వరదానం కూర్చొన్నాడు.

కూర్చొని ఊపిరి పీల్చుకొనేలోగా పరంజ్యోతిగారు ఒక ప్రకటన చేశారు. తమ చూపు పోయిందనీ, ఓపిక కూడా దాని వెంటే పోతున్నదనీ, ఈ పేముకుర్చీలో ఇకమీదట ఎవరు కూర్చోవలసిందో వచ్చే సహవాసంలో భోజనానంతరం చెబుతాననీ అన్నారు. కొందరి చూపు వరదానం వైపు, కొందరి చూపు ఓబద్యా వైపు తిరిగింది. ఓబద్యా వైపు తిరిగిన చూపులను వరదానం ఒక్కొక్కటిగా గుర్తు పెట్టుకొన్నాడు.

తరువాత మాటలు మొదలయ్యాయి. వరుస తిరిగి తిరిగి వరదానం దగ్గర ఆగింది. అతడు గొంతు సవరించుకొన్నాడు.

“ఓబద్యాగారు కష్టపడి పనిచేస్తారు.”

“అది కాడెద్దును గురించి కూడా చెప్పవచ్చు,” అన్నారు పరంజ్యోతిగారు. “ఇంకొకటి చెప్పు.”

“వేకువనే లేస్తారు.”

“కోడి కూడా లేస్తుంది.”

అందరూ నవ్వారు. అందరికంటె పెద్దగా నవ్వినవాడు ఓబద్యా. ఆ నవ్వే వరదానాన్ని ఎక్కువ కాల్చింది. ఎదురుగా కూర్చొన్న ముసలి కాపరి జకరయ్యగారు, ఆకలికి ఏమాత్రమూ ఆగలేని మనిషి, కొంచెం ముందుకు వంగి, “బాబూ, పప్పుచారు చల్లారిపోతోంది. ఏదో ఒకటి అనెయ్యి. పోనీ, ఆయన పళ్ళ వరస బాగుంటుందనైనా అను,” అన్నారు.

వరదానానికి వేయి మాటలు తెలుసు. ఆ వేయింటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఓబద్యా ఊరివారు ఓబద్యాను గురించి వరదానం ఎదుట ఎత్తని మంచిమాట లేదు. కాని అటువంటి మాట వినిపించబోతున్నదంటే చాలు, అతడు లేచి దూరంగా వెళ్ళిపోయేవాడు. వినని మాటను ఎలా చెప్పగలడు?

పరంజ్యోతిగారు పేముకుర్చీలో వెనక్కి వాలారు. “సరే, ఈ పూటకు ఊరుకొందాం. వచ్చే సహవాసంలోగా ఒకసారి ఏరు దాటి రా నాయనా. ఆ పాలెంవారి నోట ఒక్క మంచిమాట విని పట్టుకొని రా. గురువారంనాటి నీ ప్రశ్న కూడా నాకు గుర్తుంది.”

వరదానం ఏరు దాటాడు గాని, మంచిమాట కోసం దాటలేదు. పడవ దిగినది మొదలు ఓబద్యా లోపాలను ఏరుకొంటూ నడిచాడు. మందిరం కప్పుమీద తాటాకు చెదిరి ఉంది. గోడగడియారం ఆగిపోయి ఉంది. పాటల అంకెలు రాసే పలకమీద పోయిన ఆదివారపు అంకెలే ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క లోపం కనబడినప్పుడల్లా అతనికి ఎండలో చల్లని మజ్జిగ తాగినట్లు ఉంది. ఓబద్యా ఊరిలో లేడు. జ్వరంతో ఉన్న ఎవరినో చూడడానికి పక్క పల్లెకు వెళ్ళాడట. అది మరీ మంచిదైంది.

మందిరం ముందున్న పందిట్లో ఒక పెద్దావిడ కూర్చొని చాప నేస్తున్నది. పేరు దీనమ్మ. వరదానం తెల్లని బట్టలు చూసి ఆమె చెయ్యి ఆపింది.

“చాపలకొచ్చారా బాబూ? ఇవి పట్నం చాపల్లాంటివి కాదు. మనవడి పెళ్ళికి కూడా పనికొస్తాయి.”

“చాపలకు కాదమ్మా. మీ అయ్యగారిని చూద్దామని వచ్చాను. మీ అయ్యగారు ఎటువంటివారు?”

“ఎటువంటాయనంటే ఏం చెప్పను?” దీనమ్మ తుంగపుల్లను పంటితో కొరికి తుంచింది. “పాట ఎత్తుకున్నాడంటే మా ఊరి కుక్కలన్నీ లేచిపోతాయి. చదవమంటే, బురదలో బండి లాక్కొచ్చినట్టు లాక్కొస్తాడు. ప్రార్థన మొదలెడితే ఎప్పుడు ఆపాలో తెలీదు, పిల్లలు నిద్దరపోతారు.”

వరదానం పందిట్లో ఆమెకు ఎదురుగా కూర్చొన్నాడు. ఎంతో కాలానికి అతనికి మనసు తేలికపడింది. “ఇంకా?” అన్నాడు.

“ఇంకానా?” ఆమె నవ్వింది. “ఆయన మూలంగానే నేనూ మా తోడికోడలూ కలిసాం. ఒక పెయ్య దూడ కాడ మాటా మాటా వచ్చింది మాకు. ఆ దూడ ఆవై, దానికి దూడలు పుట్టినా మేం మాట్టాడుకోలేదు. పెరటి తలుపు నేనే మూసేశాను. ఓనాడు ఈయన మా ఇంటికొచ్చి, ‘దీనమ్మా, నేను బయట నిలబడతాను, నువ్వు లోపల గడియ వెయ్యి’ అన్నాడు. పిచ్చేమో అనుకొని వేశాను. మిట్టమధ్యాన్నం ఎండ. కాసేపటికి బయట్నుంచి, ‘దీనమ్మా, నాకు అందట్లేదే’ అన్నాడు. ‘ఎలా అందుద్ది అయ్యగారూ, గడియ లోపలుంటే?’ అన్నాను. అప్పుడన్నాడు బాబూ...” ఆమె చేతిలో తుంగ ఆగిపోయింది. “ ‘తలుపు మూసినవాళ్ళే గడియ తియ్యాలి, బయటున్నవాళ్ళకి గడియ అందదు’ అన్నాడు. నేను ముందు ఆయనకి తలుపు తీశాను. ఆయన వెళ్ళిపోయాక పెరటి తలుపు కూడా తీశాను.”

అప్పుడే పెరటివైపునుండి ఒక గొంతు, “అక్కా, చారులో ఉప్పేశావా, నన్నెయ్యమన్నావా?” అని అడిగింది.

“నువ్వే వెయ్యి. నేనేస్తే ఎక్కువైందంటావు,” అన్నది దీనమ్మ.

ఆ మాటలు వరదానం చెవిన పడ్డాయి గాని, మనసు అక్కడ లేదు. తలుపు మూసినవాడే గడియ తీయాలి. బయట ఉన్నవానికి గడియ అందదు. ఆ వాక్యం అతనిది. అంతకు ముందు నెల సహవాసంలో పుస్తకసారం చెబుతూ, చివరన ఉంచడానికి ఎన్నో మాటలు కొట్టివేసి, రాసి, మళ్ళీ కొట్టివేసి, కుదిర్చిన వాక్యం. ఓబద్యా దానిని ఎత్తుకొనిపోయాడు. గుండె ముందు చల్లబడింది. తరువాత ఒక తియ్యని వేడి మెల్లగా పైకి పాకింది. ఏళ్ళ తరబడి వెతుకుతున్నది చేతికి చిక్కింది. ఓబద్యా దొంగ. అతని దగ్గర తనదంటూ ఏమీ లేదు. ఏరు దాటి వెళ్ళిన తన సంఘంవారు, వదిలివెళ్ళిన కాపరి మాటలనే అవతలి ఒడ్డున విని మురిసిపోతున్నారు.

తిరుగు పడవలో ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. మరొకటి జ్ఞాపకం వచ్చి దానిని మింగివేసింది. ఆ వాక్యాన్ని అతడు తన మందిరంలో కూడా పలికాడు. ఆనాడు పట్నపు సంఘపెద్ద ఒకడు చేతిగడియారం చూసుకొన్నాడు. ఇంజనీరుగారి భార్య బయటికి వస్తూ, “ఇవాళ భాష చాలా బాగుందండీ అయ్యగారూ,” అన్నది. అంతే. పట్నంలో ఏ ఇంటి గడియా కదలలేదు. తాను కని పెంచిన బిడ్డ పొరుగింట నడక నేర్చుకొన్నట్లు అనిపించింది అతనికి; తన వాకిట ఒక్క అడుగు కూడా వెయ్యకుండా. దొంగతనాన్ని క్షమించవచ్చునేమో గాని, దీనిని ఎలా క్షమించడం? ఒడ్డు చేరేసరికి అతడు నిశ్చయించుకొన్నాడు. సహవాసంలో అందరి ఎదుట ఈ మాట పెట్టాలి. పేముకుర్చీ ఎవరిదో తేలే రోజున, మాట ఎవరిదో కూడా తేలాలి.

ఆ నెల సలోమి ఏమీ అనకుండానే బియ్యం ఏరింది. అతడు ముఖం అంత గంటు పెట్టుకొని ఉన్నాడు.

సహవాసంనాడు వరదానం అందరికంటె ముందు చేరాడు. తన సంచిని తానే విప్పి, గంగాళంలో నిదానంగా పోశాడు. తెల్లని బియ్యం తెల్లగా పడింది. వెనుకనుండి ఓబద్యా వచ్చి దానిమీద తన ఎర్ర బియ్యం గుమ్మరించాడు. పరంజ్యోతిగారు చొక్కా చేతులు మడుచుకొని మోచేతులదాకా ముంచి కలిపారు. అందరూ చాపలమీద కూర్చొనేటప్పుడు వరదానం వెళ్ళి ఓబద్యాకు ఎడమపక్కన తానై కూర్చోగా, జకరయ్యగారు కనుబొమలెత్తి పక్కవానిని మోచేత్తో పొడిచారు.

అందరి మాటలూ అయ్యాక, చివరి వంతు వచ్చింది. వరదానం లేచి నిలబడ్డాడు. ఈసారి మాటలకు తడుముకోలేదు.

“ఓబద్యాగారి పాలెంలో దీనమ్మ అనే ఆవిడ ఒక సంగతి చెప్పింది. వీరు చెప్పిన మాటవల్ల, ఏళ్ళుగా మాటలు లేని తోడికోడలితో ఆమె సమాధానపడింది. ఇరు కుటుంబాలూ ఇప్పుడు ఒక్క పొయ్యిమీద వండుకొంటున్నాయి. ఇది నేను చెవులారా విన్న మంచిమాట.” అతడు ఆగాడు. అక్కడితో కూర్చొని ఉండవచ్చు. కూర్చోలేదు. “అయితే ఆ మాట వీరిది కాదు. నాది. రెండు నెలల కిందట ఈ చాపమీద కూర్చొని నేను చెప్పినది. అక్షరం పొల్లుపోకుండా తీసుకొనిపోయి, తమదిగా చెప్పారు. ఏది ఎవరిదో తేలవలసిన రోజు కాబట్టి చెబుతున్నాను.”

పొయ్యిమీద అన్నం కుతకుతమంటున్నది. అందరూ ఓబద్యా వైపు చూశారు. ఈసారి ఓబద్యా నవ్వలేదు.

“మీదేనండి. కాదని ఎవరన్నారు?” అన్నాడు చాప అంచు గిల్లుతూ. “ప్రతి నెలా మీరు చెప్పింది ఊరు చేరేలోగా మరిచిపోతానేమోనని దారంతా పైకే అనుకొంటూ పోతాను. పడవవాడు నాకు పిచ్చెక్కిందని మా ఇంట్లో కూడా చెప్పాడు. పోయినేడాది చెప్పినవీ మీవే. అంతకు ముందువీ మీవే. నాకు ఒక్క వాక్యం పుట్టదు వరదానంగారూ. కూర్చుని కూర్చుని చూశాను. పుట్టదు.”

“మరి నా పేరెందుకు చెప్పలేదు?”

ఓబద్యా తలెత్తాడు. ముఖం కందిపోయింది. “చెబితే, ‘అయితే ఆయన్నే పిలిపించండి’ అంటారు మావాళ్ళు. మీరొచ్చి ఒక్కసారి మాట్లాడి వెళ్ళాక ఇంక నా బోడి మాట ఎవరు వింటారు? నెలనెలా ఇక్కడ కూర్చుని మీరు మాట్లాడుతుంటే నా కడుపు ఎలా మండుతుందో మీకేం తెలుసు?”

వరదానం నిలబడ్డవాడు నిలబడ్డట్లే ఉండిపోయాడు. తనను చూసి కడుపు మండినవాడు ఈ లోకంలో ఒకడుంటాడని అతడు ఎన్నడూ అనుకోలేదు. ఓబద్యా ముఖంలోని ఆ కందిన రంగు, ఆ పక్కకు తిప్పుకొన్న చూపు, అతనికి బాగా తెలిసినవే. రోజూ గడ్డం గీసుకొనేటప్పుడు అద్దంలో చూసేవే. మెల్లగా చాపమీద కూలబడ్డాడు. ఇద్దరి మోకాళ్ళూ తగిలాయి, ఎవరూ జరగలేదు.

పరంజ్యోతిగారు పేముకుర్చీలోనుండి లేచి వచ్చి తామూ చాపమీద కూర్చొన్నారు. మందలింపు వస్తుందని అందరూ కాచుకొన్నారు. “అన్నం ఉడికిన వాసన వస్తున్నది. విస్తళ్ళు వెయ్యండి,” అని మాత్రం అన్నారు.

విస్తళ్ళు వేశారు. అన్నం వడ్డించారు. పిడికిలి బియ్యపు అన్నం ఎప్పుడూ ఒక్క తీరుగా ఉడకదు; కొంత మెత్తనై ముద్ద కడుతుంది, కొంత పలుకుగా మిగిలిపోతుంది. దానిమీద పప్పుచారు పోయబోతున్న మనిషిని పరంజ్యోతిగారు చెయ్యెత్తి ఆపారు.

“వరదానం, ఏది ఎవరిదో తేలాలన్నావు. అడగడం న్యాయమే. నీ ముందు అన్నం ఉంది. అందులో నీ సంఘపు బియ్యం ఏవో ఏరుకొని, అవి తిను. ఓబద్యా, నీవు నీవి ఏరుకో.”

ఎవరో నవ్వబోయి మానుకొన్నారు. పరంజ్యోతిగారి ముఖంలో పరిహాసం లేదు.

వరదానం విస్తరిమీదికి వంగాడు. అతనికి ఒక ధీమా ఉంది. ఆ బియ్యాన్ని గింజగింజా ఏరించినవాడు అతడే. సన్నని, పొడవైన, తెల్లని గింజలు. కళ్ళు చిట్లించి వెతికాడు. కాని ఎసట్లో ఎర్ర బియ్యపు రంగు దిగి, తెల్లవాటికి పట్టి, అన్నమంతా లేత గులాబిరంగు తిరిగి ఉంది. సన్నవి ఉబ్బి లావెక్కాయి. లావువి పగిలి సన్నబడ్డాయి. ఒక గింజను రెండు వేళ్ళతో పైకెత్తి, వెలుతురుకు పట్టి చూశాడు. తనదే అనుకొన్నాడు. మరుక్షణం దాని అంచున ఎర్రని చార కనబడింది. దానిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకొని ఉండిపోయాడు.

పక్కన ఓబద్యా కూడా తన విస్తరిలో వేలు పెట్టి, పుస్తకం చదివినట్లే, పెదవులు కదుపుతూ వెతుకుతున్నాడు. “మావి కొంచెం మోటుగా ఉంటాయండి అయ్యగారూ,” అన్నాడు చివరకు. “ఇక్కడ చూస్తే అన్నీ మోటుగానే ఉన్నాయి.”

చుట్టూ అందరి చేతులూ విస్తళ్ళమీద ఆగి ఉన్నాయి. ఎవరికీ తొలిముద్ద ఎత్తే వీలు లేదు. జకరయ్యగారు ఇక ఉండబట్టలేకపోయారు. “అయ్యగారూ, భోజనమయ్యాక కుర్చీ సంగతి చెబుతామన్నారు. ఈ లెక్కన కుర్చీ మాట దేవుడెరుగు, భోజనం మాటేమిటండీ?”

పరంజ్యోతిగారు కళ్ళద్దాలు తీసి, పంచె కొంగుతో నింపాదిగా తుడుచుకొన్నారు. తిరిగి పెట్టుకొని, వరదానం కూర్చొన్న వైపు ముఖం తిప్పారు.

“ఏరడం ముగిశాక చెప్పు నాయనా,” అన్నారు. “అంతదాకా మేమంతా ఇలాగే కూర్చొని ఉంటాము.”